కంప్యూటరు తెరపై దారిగుర్తులు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతపు పట్టణాలలో బస్టాండు పరిసరాలను గమనిస్తే జిరాక్సు, డి.టి.పి., ఇంటర్నెట్ కేంద్రాలు వరుసగా కనిపిస్తాయి. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. 2011లో మీసేవ ప్రారంభమైంది. ప్రవేశ దరఖాస్తులు మొదలుకొని కుల, ఆదాయ ధ్రువపత్రాల వరకు అన్నీ క్రమంగా కంప్యూటరు మీదికి చేరాయి. కాని దేవరకొండ, అచ్చంపేట పరిసరాల పల్లెలలో, విశేషించి పెద్దలు బతుకుతెరువుకై వలసపోయిన ఇళ్ళలో, సొంత కంప్యూటరు ఉండడం అరుదు. అటువంటి ఇంటి విద్యార్థికి జేబులోని పెన్‌డ్రైవే పత్రాల పెట్టె.

ఆ పెట్టెను నమ్ముకొన్న విద్యార్థికి ఒక చిక్కు తరచుగా ఎదురవుతుంది. ఒక కేంద్రంలో తెర మీద కనిపించిన ఫైలు గుర్తును పెన్‌డ్రైవులోకి ఎక్కించుకొని, మరునాడు మరొక ఊరిలో దానిని తెరవబోతాడు. అది తెరచుకోదు. దరఖాస్తుకు అదే చివరిరోజైతే ఆ సంవత్సరపు చదువే ప్రమాదంలో పడుతుంది. అతడు తెచ్చుకొన్నది ఫైలు కాదు, దాని షార్ట్‌కట్ మాత్రమే.

షార్ట్‌కట్‌ను 'అడ్డదారి' అంటే తెలుగులో కొంత దుష్టార్థం ధ్వనిస్తుంది. 'దగ్గరి తొవ్వ' అనే ఈ ప్రాంతపు పలుకుబడి దానికి చక్కగా అమరుతుంది. మన శాస్త్రకారులు శాఖాచంద్ర న్యాయమని ఒకటి చెప్పారు. 'అదిగో, ఆ కొమ్మ మీద చంద్రుడు' అని పిల్లవానికి చూపుతాము. కొమ్మ చంద్రుని ఉనికిని తెలుపుతుందే కాని చంద్రుడు కొమ్మ మీద ఉండడు. షార్ట్‌కట్ అటువంటి కొమ్మ. అందులో ఫైలు ఉండదు, ఫైలు ఎక్కడున్నదో తెలిపే చిరునామా ఉంటుంది. కొమ్మను నరికినంత మాత్రాన చంద్రునికి హాని లేదు. కొమ్మను ఇంటికి తెచ్చుకొన్నంత మాత్రాన చంద్రుడు వెంటరాడు. విండోస్‌లో ఆ బొమ్మ ఎడమవైపు అడుగున చిన్న బాణం గుర్తు ఉంటుంది. పరిమాణం సాధారణంగా ఒకటి రెండు కిలోబైట్లకు మించదు. ఈ రెండు లక్షణాలతో దానిని పోల్చుకోవచ్చు.

పెన్‌డ్రైవు విషయంలో ఈ చిరునామా మరింత చంచలమైనది. విండోస్ ప్రతి డ్రైవుకూ ఒక ఆంగ్లాక్షరం కేటాయిస్తుంది. ఎ, బి అక్షరాలు పూర్వం ఫ్లాపీలవి, సి హార్డుడిస్కుది. కొత్తగా వచ్చిన పెన్‌డ్రైవుకు మిగిలిన అక్షరాలలో ఒకటి దక్కుతుంది. ఒకచోట 'ఇ' అయినది మరొకచోట 'జి' కావచ్చు. కనుక డెస్క్‌టాప్ మీద ఒకసారి చేసిపెట్టిన షార్ట్‌కట్ రేపటికి వట్టిది కావచ్చు, వేరొకరి డ్రైవునూ చూపవచ్చు.

దీనికి పరిష్కారం గుర్తును డ్రైవుతోపాటు పుట్టించి, డ్రైవుతోపాటు తొలగించడం. డ్రైవు పెట్టినప్పుడు, తీసినప్పుడు విండోస్ ఆ వార్తను నడుస్తున్న ప్రోగ్రాములకు తెలియజేస్తుంది. డెస్క్ డ్రైవ్ వంటి చిన్న ప్రోగ్రాము ఆ వార్తకోసం కాచుకొని ఉండి, డ్రైవు రాగానే దాని అక్షరాన్నిబట్టి డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ నిలుపుతుంది. డ్రైవు పోగానే తుడిచివేస్తుంది. 1984 నాటి మాకింతోష్‌లోనే ఫ్లాపీ పెట్టగానే దాని బొమ్మ తెరమీద వెలిసేది. ఈ ఏర్పాటువల్ల మరొక ప్రయోజనమున్నది. గుర్తు కనిపిస్తున్నంతసేపు డ్రైవు ఇంకా తగిలించే ఉన్నదని అర్థం. కేంద్రం మూసేవేళ ఆఖరి బస్సుకోసం పరుగెత్తే విద్యార్థికి ఇది చిన్న మేలు కాదు.

అయితే డ్రైవును చూపడం వేరు, అందులోనిదానిని అడగకుండా నడపడం వేరు. విండోస్ 95తో వచ్చిన ఆటోరన్ సదుపాయం సి.డి.లకోసం ఏర్పడింది. సి.డి. పెట్టగానే అందులోని ప్రోగ్రాము తనంత తాను మొదలయ్యేది. ఆ తలుపు గుండానే పురుగులు ప్రవేశించాయి. 2008లో బయటపడిన కాన్ఫికర్ పెన్‌డ్రైవుల ద్వారా కూడా వ్యాపించింది. 2009లో విండోస్ 7లో పెన్‌డ్రైవులకు ఆటోరన్‌ను నిలిపివేశారు. పాత విండోస్‌లకు ఆ సవరణ 2011 ఫిబ్రవరిలో అందింది. 2010లో వెలుగుచూసిన స్టక్స్‌నెట్ ఇంకా విపరీతమైనది. షార్ట్‌కట్ బొమ్మను విండోస్ తెరపై చూపినంతనే అది పని మొదలుపెట్టేది. ఆ లోపాన్ని అదే సంవత్సరం ఆగస్టులో సరిదిద్దారు.

సామాన్యులను ఎక్కువగా వేధించినది 'షార్ట్‌కట్ వైరస్'. అది పెన్‌డ్రైవులోని ఫోల్డర్లను దాచి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్‌లను నిలుపుతుంది. ఇక్కడ కొమ్మ చంద్రుని వైపు కాక పాముపుట్ట వైపు చూపుతుంది. నొక్కినవారి కంప్యూటరుకు అంటుకొని, అక్కడినుండి తరువాత వచ్చే పెన్‌డ్రైవులకు పాకుతుంది. రోజంతా పదిమంది డ్రైవులు పెట్టే జిరాక్సు దుకాణం దానికి సంతవంటిది. అన్నీ పోయాయని భయపడి కొందరు డ్రైవును ఫార్మాట్ చేస్తారు. నిజమైన నష్టం అప్పుడే జరుగుతుంది; అంతవరకు ఫైళ్ళు దాగి ఉంటాయి, అంతే. బాణం గుర్తున్న బొమ్మలను నొక్కకుండా, ముందుగా యాంటీవైరస్‌తో డ్రైవును పరీక్షింపజేయాలి. పిదప ఎక్స్‌ప్లోరర్‌లోని అమరికలలో దాగిన ఫైళ్ళను, రక్షిత సిస్టమ్ ఫైళ్ళను కూడా చూపమని ఎంచుకొంటే అసలు ఫోల్డర్లు వెలివెలిగా కనిపిస్తాయి. వాటిని శుభ్రమైన మరొక కంప్యూటరులోకి నకలు చేసుకొన్న తరువాతనే ఆ పెన్‌డ్రైవును ఫార్మాట్ చేయవచ్చు.