ఆఫీసునందు వైఫై యమరిక

గత సంవత్సరము పదవ తరగతి దరఖాస్తులు పంపు గడువునకు ముందునాడు మా గుమాస్తాగారు లాప్‌టాప్‌ను చేతబట్టుకొని వరండాలో అటునిటు తిరుగుచుండగా పిల్లలు చూచి నవ్విరి. ఆయనకు నవ్వు రాలేదు. రికార్డు గదిలో కూర్చున్నచో వైఫై యందదు. వరండాలోనికి వచ్చినచో అందును గాని, రికార్డులు గదిలోనే యున్నవి. ఒక్క దరఖాస్తు తప్పినను ఒక బిడ్డ పరీక్ష చిక్కులో పడును. అన్నియు వెళ్లుసరికి రాత్రి ఎనిమిది గంటలయ్యెను. శాస్త్రము బోధించువారమై యుండియు ఇంతకాలము దీనిని విచారింపనైతిమే యని సిగ్గుపడి ఆ పనికి పూనుకొంటిమి. ఆఫీసులు, దుకాణములు గల తల్లిదండ్రులకును ఉపయోగపడునని మేము నేర్చినది ఇచట వ్రాయుచున్నాము.

ఎక్కువ యాంటెన్నాలు గల పెద్ద రూటరు కొనుమని అనేకులు సలహా చెప్పిరి. ఇది పొరపాటు. వైఫై యనునది ఇరువురి సంభాషణ. రూటరు ఎంత బిగ్గరగా పలికినను, ఫోను తన చిన్న గొంతుకతోనే బదులు చెప్పవలెను. ఆ బదులు రూటరునకు వినబడనిచో ప్రయోజనమేమి?

వైఫైకి ముఖ్యముగా రెండు తరంగ శ్రేణులు గలవు. 2.4 గిగాహెర్ట్‌జ్ శ్రేణి దూరము పోవును, గోడలను కొంత సహించును. కాని బహు ఇరుకైనది. అందు ఒకదానితో నొకటి కలియబడని చానెళ్లు 1, 6, 11 అను మూడే. బ్లూటూత్ పరికరములును, మైక్రోవేవ్ పొయ్యియు ఆ శ్రేణిలోనే సందడి చేయును. 5 గిగాహెర్ట్‌జ్ శ్రేణి విశాలము, వేగవంతము. అయితే గోడ దాటగానే నీరసించును. మావి మందమైన రాతిగోడలు. పైగా రికార్డు గది గుమ్మము ప్రక్కనే రెండు ఇనుప బీరువాలు. లోహము తరంగములను లోపలికి పోనీయక త్రిప్పికొట్టును.

కావున ఏమియు కొనక మునుపే కొలిచి చూచితిమి. తొమ్మిదవ తరగతి పిల్లలు గ్రాఫు కాగితముపై భవనపు పటము గీసిరి. ఫోనులో తరంగబలము చూపు ఆప్ నుంచుకొని ప్రతి గదిలోను నిలిచి, కనబడిన సంఖ్యను పటముపై వ్రాసితిమి. ఈ బలమును డీబీఎం అను మానముతో కొలుతురు, వచ్చునవి ఋణసంఖ్యలు. -67 గాని అంతకు పైన గాని యున్నచో పని సుఖముగా సాగును. 10 తగ్గినచో బలము పదియవ వంతగును. రికార్డు గదిలో -84 వచ్చెను. ఋణసంఖ్యలు దేనికి పనికివచ్చునని అడుగు పిల్లలకు ఆనాడు జవాబు దొరకెను.

రెండు యాక్సెస్ పాయింట్లు కావలెనని పటమే చెప్పెను. ఒకటి ఆఫీసు పైకప్పునకు, ఒకటి రికార్డు గదికి. తీగ లాగు శ్రమ లేకుండ రిపీటరు పెట్టవచ్చును గదా యని కొందరనిరి. సామాన్యమైన రిపీటరు విన్నదానినే అదే చానెలుపై తిరిగి పలుకును గనుక వేగము ఇంచుమించు సగమగును. అందుచేత ప్రతి యాక్సెస్ పాయింటునకును క్యాట్ 6 తీగ లాగించితిమి. ఇట్టి తీగ 100 మీటర్లు దాటరాదు. విద్యుత్తును ఆ తీగలోనే పోవునట్లు అమర్చుటచే, ఆఫీసులోని ఒక్క యూపీయస్‌తోనే కరెంటు పోయినప్పుడును అంతయు నడచును. తీగ కొనునప్పుడు జాగ్రత్త వలయును. ఒక దుకాణదారుడు మాకు చౌకగా చూపినదానిని చాకుతో గీకి చూడగా లోపల తెల్లగా నుండెను: అల్యూమినియముపై రాగిపూత! అట్టిదానిలో విద్యుత్తు నష్టమగును, తీగ వేడెక్కును.

రెండింటికిని ఒకే పేరు, వేర్వేరు చానెళ్లు ఇచ్చి, వాని బలమును తగ్గించితిమి. తగ్గింపనిచో ఫోను దూరపుదానినే పట్టుకొని వ్రేలాడును.

ఇక పాస్‌వర్డు సంగతి. పాతది పదవ తరగతి బాలురందరకును కంఠస్థమని విచారణలో తేలినది. పద్యములంత శ్రద్ధగా నేర్చిరి! పిల్లల వివరములున్న జాలమిది. దానికి డబ్ల్యుపీఏ2కు తక్కువ కాని రక్షణ యుండవలెను. 2018లో వచ్చిన డబ్ల్యుపీఏ3 మరింత మేలు. అతిథులకు వేరొక జాలము నేర్పరచితిమి.

ఇప్పుడు రికార్డు గదిలో -58 చూపుచున్నది. గుమాస్తాగారు అచటనే కూర్చుండి పనిచేయుచున్నారు. మెట్ల క్రింది సామాను గదిలో మాత్రము నేటికిని -79యే. అచట చీపుళ్లు తప్ప మరేమియు లేవు గనుక దానిని వదలితిమి.