డబ్బా మీది అంకెలు

పుష్య మాసం. ఆదిలాబాద్ జిల్లాలో చలి ముదిరింది. పొద్దుగాల బయటికి వస్తే పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. ఈ జిల్లాలో డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు చలి 5 డిగ్రీల దాకా దిగుతుంది.

గంగవ్వ వాళ్ల పొదుపు సంఘానికి ఒక ట్రాక్టరు ఉంది. బ్యాంకు అప్పుతో కొన్నారు. అప్పు ఇంకా సగం కూడా తీరలేదు. పత్తిని మార్కెట్ యార్డుకు తోలే రోజులివి. కిరాయిలు దొరికేది ఇప్పుడే. ఇప్పుడు బండి ఆగితే కిస్తీ ఆగినట్లే.

ఆ రోజు ఐదు గంటలకే డ్రైవర్ మల్లేశ్ తాళం చెవి తిప్పాడు. ఇంజను "గుర్... గుర్..." అని మూలిగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ మూలిగింది. నాలుగోసారికి బ్యాటరీ దిగిపోయింది. నలుగురూ కలిసి తోస్తే ఎట్లనో లేచింది. యార్డుకు పోయేసరికి ముందు పెద్ద వరుస. ఆ రోజు రెండో కిరాయి పోయింది.

మర్నాడు కూడా అదే తంతు.

"పెద్దమ్మా, ఇంజను కింద ఇంత గడ్డి మంట పెడదామా? వేడెక్కితే అదే లేస్తది" అన్నాడు మల్లేశ్.

"ఏందిరా, డీజిల్ ట్యాంకు పక్కన మంటనా? బండి కాలితే అప్పు ఎవరు కడ్తరు, నువ్వు కడ్తవా?" అంది గంగవ్వ.

చాలా ఊళ్లల్లో ఇట్లా మంట పెట్టేవాళ్లు ఉన్నారు. రబ్బరు పైపులు, కరెంటు తీగలు అంటుకుంటే బండి మొత్తం పోతుంది. మనుషులకూ ప్రమాదమే. గంగవ్వ కసిరిందే మంచిదయ్యింది.

మేస్త్రిని పిలిపించారు. ఆయన ఇంజను పక్కనున్న గేజు కడ్డీ బయటికి తీశాడు. దాని కొసన ఆయిల్ చుక్క వేలాడింది గానీ కింద పడలేదు.

"ఏం ఆయిల్ పోసిండ్రు?" అని అడిగాడు.

"దుకాణంల డ్రమ్ముల నుంచి పట్టించిన. 40 నంబరు. చిక్కగుంటది, ఇంజనుకు బలం అని చెప్పిండు" అన్నాడు మల్లేశ్.

మేస్త్రి నవ్వి గంగవ్వ వైపు తిరిగాడు. "అక్కా, బెల్లం పాకం వేడి మీద ఎట్లుంటది?"

"నీళ్ల లెక్క జారుతది."

"చల్లారితే?"

"గరిటెకు అంటుకుంటది. కదలదు."

"నీ ఇంజనుల ఉన్నది గదే."

ఇంజను లోపల ఇనుప భాగాలు ఒకదానికొకటి రాసుకుంటూ తిరుగుతాయి. వాటి నడుమ ఆయిల్ పల్చని పొరలాగా నిలుస్తుంది. అందుకే అవి అరగవు. రాత్రంతా బండి ఆగి ఉంటే ఆయిల్ అడుగున ఉన్న తొట్టిలోకి దిగిపోతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే పంపు దాన్ని మళ్లీ పైకి ఎక్కించాలి. ఆయిల్ పాకంలాగా బిగుసుకుంటే ఆలస్యంగా ఎక్కుతుంది. ఆ కాసేపు ఇనుము ఇనుముతోనే రాసుకుంటుంది. చిక్కటి ఆయిల్‌లో ఇంజను తిప్పాలంటే బ్యాటరీకీ బరువే. ఆ మూలుగు అందుకే.

అట్లని పల్చటి ఆయిల్ పోస్తే? ఎండాకాలం దుక్కి దున్నేటప్పుడు ఇంజను కాగిపోతుంది. అప్పుడు ఆయిల్ మరీ నీళ్లలాగా అయితే ఆ పొర తెగిపోతుంది. చలికి బిగుసుకోవద్దు, వేడికి నీరు కావద్దు. రెండూ కావాలి.

అట్లాంటి ఆయిల్ ఉంది. దాన్ని మల్టీగ్రేడ్ ఆయిల్ అంటారు. దాని డబ్బా మీద ఒక అంకె కాదు, రెండు అంకెలు ఉంటాయి. మేస్త్రి పుల్లతో నేల మీద రాసి చూపాడు. ముందు 15. దాని పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం. రెండు లోయలు పక్కపక్కన గీసినట్లు ఉంది. దాని పేరు డబ్ల్యు. తర్వాత చిన్న గీత. గీత తర్వాత 40.

డబ్ల్యు అంటే చలికాలం అని గుర్తు. డబ్ల్యుకు ముందున్న అంకె చలిలో ఆయిల్ సంగతి చెబుతుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే చలిలో ఆయిల్ అంత తేలిగ్గా పారుతుంది. గీత తర్వాతి అంకె ఇంజను బాగా కాగినప్పటి చిక్కదనం చెబుతుంది. మల్లేశ్ పట్టించిన దానికి ముందు అంకె లేదు, డబ్ల్యు లేదు. వట్టి 40. అది ఎండలకు పనికివచ్చే ఆయిల్.

"ముందు అంకె చిన్నగుంటే మంచిదంటివి గదా. మరి అన్నిటికన్నా చిన్నది తెద్దామా?" అని అడిగింది గంగవ్వ.

మంచి ప్రశ్నే. లడఖ్‌లోని లేహ్ పట్టణంలో చలికాలం రాత్రులు సున్నాకు 15 డిగ్రీల కన్నా దిగువకు పోతాయి. అట్లాంటి చోట 5డబ్ల్యు, 10డబ్ల్యు ఆయిల్ కావాలి. వాటి ధర కూడా ఎక్కువ. ఆదిలాబాద్ చలికి 15డబ్ల్యు-40 చాలు. అయినా ఆఖరి మాట ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకానిది. గంగవ్వ పెట్టెలోంచి ఆ పుస్తకం తీసింది. వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదివింది. అందులోనూ 15డబ్ల్యు-40 అనే ఉంది. ఏడున్నర లీటర్లు పడుతుందని కూడా ఉంది.

గంగవ్వ, ఆమె తోడికోడలు లచ్చవ్వ కలిసి దుకాణానికి పోయారు. సేటు ఒక డబ్బా ముందు పెట్టాడు.

"సేటూ, దీని మూత ఊగుతుంది. సీలు ఏది?" అంది లచ్చవ్వ.

సేటు దాన్ని లోపల పెట్టి ఇంకోటి తెచ్చాడు. వాడిన ఆయిల్‌ను వడగట్టి పాత డబ్బాల్లో నింపి అమ్మేవాళ్లు ఉంటారు. సీలు చూడకుండా కొనొద్దు. ఇంట్లో ఖాళీ అయిన డబ్బాకు మేకుతో చిల్లు పొడిచి పారేస్తే, దాన్ని మళ్లీ ఎవరూ నింపలేరు.

గంగవ్వ డబ్బా తిప్పి చూసింది. 15, రెండు లోయల అక్షరం, 40. బాగుంది. కింద ఇంకో గుర్తు ఉంది. నెలవంకలాంటి అక్షరం, దాని పక్కన నిలువు గీత, తర్వాత 4. దాన్ని సి.ఐ-4 అని చదవాలి. సి తో మొదలైతే అది డీజిల్ ఇంజను ఆయిల్. పాములాగా వంకర తిరిగిన ఎస్ అక్షరంతో మొదలైతే పెట్రోలు బండ్లది. కొన్ని డబ్బాల మీద రెండూ ఉంటాయి. ట్రాక్టరుకు సి ఉండాలి, అదీ పుస్తకంలో చెప్పిన రకమే ఉండాలి.

(ఇంజనుకు నూనె కొత్త ముచ్చటేం కాదు. 1914లో మొదలైన మొదటి ప్రపంచ యుద్ధంలో ఎన్నో విమానాల ఇంజన్లలో మనం తలకు రాసుకునే ఆముదమే పోసేవారు.)

ఆ సాయంత్రం ఇంజనును కొంచెం వేడి చేసి, ఆపి, పాత ఆయిల్ దించారు. వేడి మీదైతే మడ్డి కూడా దిగుతుంది. ఫిల్టరు మార్చారు. కొత్త ఆయిల్ పోసి కాసేపు నడిపి ఆపారు. కొంతసేపు ఆగి, సమంగా ఉన్న నేల మీద గేజు కడ్డీ చూశారు. దాని మీద రెండు గీతలు ఉంటాయి. ఆయిల్ వాటి నడుమ ఉండాలి. పై గీత దాటి పోసినా ఇంజనుకు చెడే.

తప్పంతా ఆయిల్‌దే కాదు. బ్యాటరీ కొసలకు తెల్లగా చిలుము పట్టింది. మేస్త్రి దాన్ని గీకి, బ్యాటరీని చార్జింగ్‌కు పంపాడు.

పాత ఆయిల్‌ను లచ్చవ్వ కొడుకు కాలువలో పోయబోతే గంగవ్వ ఆపింది. అది పారిన నీళ్లే గొడ్లు తాగేది. డబ్బాలో పట్టి మేస్త్రికే ఇచ్చింది. చేతులు సబ్బుతో రుద్ది కడుక్కోమంది. వాడిన ఆయిల్ ఒంటికి మంచిది కాదు.

రెండు రోజులకు బ్యాటరీ వచ్చింది. మర్నాడు ఐదు గంటలకు మల్లేశ్ క్లచ్ తొక్కి తాళం చెవి తిప్పాడు. ఇంజను వెంటనే లేచింది. సంబరంతో యాక్సిలరేటర్ మీద కాలు వేశాడు.

"ఆగు బిడ్డా. ఆయిల్ పైకి ఎక్కనీ" అంది గంగవ్వ.

ఆయిల్ దీపం ఆరిపోయింది. నాలుగైదు నిమిషాలు ఇంజనును నెమ్మదిగా తిరగనిచ్చారు. తర్వాత పత్తి ట్రాలీ కదిలింది.

వారం తర్వాత మల్లేశ్ పరుగున వచ్చాడు. "పెద్దమ్మా, కొత్త ఆయిల్ అప్పుడే నల్లబడ్డది!" మేస్త్రికి ఫోన్ చేశారు. డీజిల్ మసిని కడిగి తనలో పట్టుకుంటుంది కాబట్టి ఆయిల్ నల్లబడుతుంది, భయం లేదన్నాడు ఆయన. మజ్జిగలాగా తెల్లబడితేనే భయం, నీళ్లు కలిసినట్లు, అప్పుడు బండి కదిలించొద్దన్నాడు.

ఆయిల్ మార్చిన రాత్రి గంగవ్వ సంఘం నోటుబుక్కు తీసింది. వాళ్ల ట్రాక్టరుకు 250 గంటలకు ఒకసారి ఆయిల్ మార్చాలని పుస్తకంలో ఉంది. ఆమె మెల్లగా, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాసింది:

"ఆయిల్ మార్చినం. 15డబ్ల్యు-40. మీటరు 1,412 గంటలు. మళ్లీ మార్చేది 1,662కు."