బురద కంటే ముందు గేటు

చిరంజీవి అల్లుడికి,

డ్వార్ఫ్ ఫోర్ట్రెస్‌లో నీ కోట మునిగిపోయిందనీ, రెండ్రోజులుగా నువ్వు ఆ కంప్యూటర్ ఆట తెరవడమే లేదనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తెరువు నాన్నా. మడి కోసం నీళ్లు పెట్టాలన్న నీ ఆలోచన సరైనదే. పని చేసిన వరుసే తప్పు.

ఆ ఆటలో బురద దానంతటది పుట్టదు. నీళ్లు పారి తీశాక నేల మీద మిగిలేదే బురద. ఉత్త రాతి నేల మీద మడి కట్టడం కుదరదు. అదే రాయికి బురద పట్టిందంటే ప్లంప్ హెల్మెట్ పుట్టగొడుగులు నాలుగు కాలాలూ పండుతాయి. వాటిని పచ్చివే తినొచ్చు, మద్యం చేయొచ్చు. మద్యం లేకపోతే కోటలో పనిచేసే డ్వార్ఫ్‌లకు పని మీద చెయ్యాడదు.

గోదారి ఎర్రనీరు లంకల మీదికొచ్చి తీశాక, మిగిలిన ఒండ్రులో మా తాతగారు కూరగాయలు వేసేవారు. టార్న్, జాక్ ఆడమ్స్ అన్నదమ్ములు 2006లో ఈ ఆట విడుదల చేసినప్పుడు బొమ్మల్లేవు, తెర నిండా అక్షరాలూ గుర్తులే. ఆ గుర్తుల మధ్య నేల గోధుమరంగుకు తిరగడం మొదటిసారి చూసినప్పుడు నాకు మా లంకే కళ్లముందు కనిపించింది.

ముందు ఒకటి చూసుకో. నువ్వు తవ్విన అంతస్తులో మట్టి పొర ఉంటే నీళ్లతో పనే లేదు, నేరుగా మడి కట్టెయ్. రాయి తప్ప ఇంకేమీ లేనప్పుడే నది జోలికి వెళ్లు.

ఇక కొలత. ఒక గడిలో నీటి లోతు 1 నుంచి 7 దాకా ఉంటుంది. బురదకు 1 చాలు, అదీ కాసేపటికి ఆవిరైపోతుంది. నువ్వేమో తరగని నదినే గదిలోకి వదిలావు. నది నుంచి గదిలోకి వచ్చే సొరంగంలో రెండు ఫ్లడ్‌గేట్లు పెట్టు: నది వైపు ఒకటి, మడి వైపు ఒకటి, మధ్యలో ఐదు గడులు. నది వైపు గేటు తెరిస్తే ఆ ఐదూ నిండి 35 పాళ్ల నీళ్లవుతాయి. దాన్ని మూసి రెండోది తెరిస్తే, 25 గడుల గదికీ, ఆ సొరంగం ముక్కకీ గడికో పాలు చొప్పున సరిపోతుంది. లోతు అంకెలు కనిపించేలా పెట్టుకుని చూడు. 7లు కాస్తా 4లై, 2లై, చివరికి 1లై మూలలకు పాకుతాయి. ఆ 1 మాయమైన ప్రతిచోటా నేల రంగు మారుతుంది. ఇన్నేళ్లయినా ఆ కాసేపూ నేను కుర్చీలోంచి లేవను.

నేను దెబ్బతిన్నది గేటును తెరిచి మూసే లివర్ దగ్గర. నాదప్పుడు ఒకటే గేటు. మూయమని పురమాయిస్తే, లాగాల్సినవాడు నిద్రలో ఉన్నాడు. లేచొచ్చి లాగాడు. లాగాక కూడా గేటు వెంటనే కదలదు, ఆట లెక్కలో 100 టిక్కులు పడుతుంది. ఈలోపు నీళ్లు భోజనశాల దాకా వచ్చేశాయి. పసిపిల్లలు కూడా పోయారందులో. ఆ బాధ నాకింకా పోలేదు. అందుకే చెబుతున్నాను, నది వైపు గేటు మూసుకుపోయిందని కళ్లారా చూశాకే రెండోదాని లివర్ లాగించు. అప్పుడు లాగేవాడు ఎంత ఆలస్యం చేసినా వచ్చేది ఆ 35 పాళ్లే.

గేటుకో లివర్, లివర్‌ను గేటుకు కలపడానికి రెండు మెకానిజమ్‌లు కావాలి. లివర్లు పొడి నేల మీద, జనం మసిలే చోట పెట్టు. నీళ్లు వదిలే ముందు మడి గది తలుపుకు తాళం వెయ్యి, లేకపోతే ఎవడో ఒకడు తెరుచుకుని లోపలికొస్తాడు. ఒక్కసారి బురద పట్టించి మడి కట్టావంటే ఏటేటా నీళ్లు పెట్టక్కర్లేదు.

ఈసారి గేట్లు రెండూ కట్టి, లివర్లు ఒకటికి రెండుసార్లు లాగించి చూసుకున్నాకే నది పక్కనున్న ఆఖరి గడి తవ్వించు. అదీ పై అంతస్తు నుంచి కిందికి తవ్వించు, తవ్వేవాడు కొట్టుకుపోకుండా ఉంటాడు. మడి తయారయ్యాక నాకు ఫొటో పంపు.

ప్రేమతో,
మావయ్య