పని కబురు ఎవరికి చేరుతుంది?



సంక్రాంతి దాటిందంటే ముదిగొండ చుట్టుపక్కల చేలల్లో మిరపకాయ ఏరే పని జోరందుకుంటుంది. కూలీలు కావాలని ఏ రైతూ పత్రికలో ప్రకటన ఇవ్వడు. తెలిసిన మేస్త్రీకి కబురు పెడతాడు. నాలుగు రోజుల్లో భద్రాచలం ఏజెన్సీ నుండో, ఛత్తీస్‌గఢ్ నుండో ముఠా వచ్చి దిగుతుంది. ఆ ముఠాలో ఎవరుండాలన్నది మేస్త్రీ ఎరిగిన ఇళ్లను బట్టి ఉంటుంది. మేస్త్రీ ఎరగని ఇంట్లో ఎంత పనిమంతులున్నా వారికి ఆ కబురు అందదు.

మన పిల్లలు ఐటీఐ, డిగ్రీ, బీటెక్ చదివి ఖమ్మంలో, హైదరాబాదులో ఉద్యోగాలు వెతుకుతున్నారు. ప్రైవేటు కొలువుల్లో చాలావాటి కబురు కూడా ఇలాగే ఒకరి నోట ఒకరికి చేరుతుంది. అందుకే కొందరు తల్లిదండ్రులు “మాకెవరు తెలుసు?” అని నిరాశపడతారు. మరికొందరు “పరిచయంతో వెళ్లడం సిఫార్సు కాదా?” అని సందేహిస్తారు. ఈ రెండు ప్రశ్నలనూ ఈ వారం ఆలోచిద్దాం.

1. ఎవరిని అడగాలి?

అమెరికాకు చెందిన సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ బోస్టన్ నగరం పక్కనున్న న్యూటన్ అనే ఊళ్లో కొత్తగా ఉద్యోగం మారినవారిని విచారించారు. వారిలో సగానికి పైగా పరిచయస్థుల ద్వారానే ఆ పని సంపాదించారు. ఆ పరిచయస్థులను ఎంత తరచుగా కలిసేవారని అడిగితే, తరచుగా కలిసేవాళ్లమని చెప్పినవారు నూటికి 17 మందే. మిగిలినవారు ఎప్పుడో ఒకసారి కలిసేవారు, లేదా కలవడమే అరుదు. ఈ సంగతిని ఆయన 1973లో ప్రచురించారు.

దీనికి కారణం సులభమే. మన ఇంటివారికి, పక్కింటివారికి తెలిసింది మనకూ తెలుసు. పాల్వంచలో ఉన్న వదినగారి తమ్ముడికి, సారపాక కాగితపు మిల్లులో పనిచేసే పాత సహపాఠికి మనం వినని సంగతులు తెలుస్తాయి. కాబట్టి “మాకెవరూ తెలియదు” అనుకునే ముందు ఒక కాగితం తీసుకోండి. చదువు చెప్పిన మాస్టారు, హాస్టల్లో తోటివారు, పెళ్లిళ్లలో కలిసే దూరపు బంధువులు, ఊరు విడిచి వెళ్లిన పాత ఇరుగుపొరుగు, ఇలా 20 పేర్లు రాయండి. సాయం దొరికే చోటు చాలావరకు ఆ కాగితంలోనే ఉంటుంది.

2. ఏమని అడగాలి?

“మా వాడికి ఏదైనా ఉద్యోగం చూడండన్నా” అంటే ఆ అన్న సరేనని మరిచిపోతాడు. ఏ పని చూడాలో, ఎవరిని అడగాలో ఆయనకు తెలియదు. దానికి బదులు ఇలా అడగండి: “మా అబ్బాయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పూర్తి చేశాడు. మీ ఫ్యాక్టరీలో ఆ పనులు చూసే కాంట్రాక్టరు ఎవరు? మనుషులను ఎప్పుడు తీసుకుంటారు? ఏ కాగితాలు కావాలి?” ఇలా అడిగితే జవాబు చెప్పడం తేలిక. చెప్పినవారి మీద భారమూ పడదు.

పునీత పౌలుగారు కొరింతుకు కొత్తగా వెళ్లినప్పుడు అక్విల, ప్రిస్కిల్ల దంపతులను కలిసికొన్నారు. వారిదీ ఆయనదీ ఒకే వృత్తి, గుడారాలు కుట్టడం. వారింట ఉండి ఆయన పనిచేశారని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చెబుతోంది. పౌలుగారి చేతిలో పని ఉంది, వారికి చోటు ఉంది. పరిచయం ఆ రెంటినీ కలిపింది. ఇందులో తప్పేమీ లేదు.

పరిచయం చేసేవారికి ఒక మాట. మీరు ఒకరి గురించి చెబితే మీ పేరును హామీగా పెట్టినట్లే. ఎరిగినంతవరకే చెప్పండి. రాని పని వచ్చునని చెబితే, తరువాత మీ మాట మీద మరొకరికి చోటు దొరకదు.

3. ఎక్కడ ఆగాలి?

పరీక్ష ద్వారా ఇచ్చే ప్రభుత్వ ఉద్యోగాలలో పరిచయానికి చోటు లేదు. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌ను, ప్రశ్నపత్రాలు బయటికి పొక్కిన వ్యవహారం బయటపడడంతో 2023 మార్చిలో రద్దు చేశారు. లోపలి మనిషి ఎరిగిన కొందరికి అందించిన దానికి, రెండున్నర లక్షలకు పైగా అభ్యర్థుల కష్టం వృథా అయింది. సింగరేణిలో తండ్రి స్వచ్ఛందంగా విరమించి కొడుకుకు కొలువు ఇప్పించే వారసత్వ పథకాన్ని కూడా 2017లో హైకోర్టు కొట్టివేసింది. అందరికీ సమానావకాశం ఉండవలసిన కొలువు ఒక ఇంటి ఆస్తి కారాదు.

పని కబురుకు డబ్బు అడిగిన క్షణంలో అది పరిచయం కాదు, దళారీతనం. “లోపల మనవాడున్నాడు, రెండు లక్షలు కట్టండి” అన్నవాడు బంధువైనా సరే, అప్పు చేసి ఇవ్వకండి. పొలం తాకట్టు పెట్టకండి. గల్ఫ్ ఉద్యోగమంటే, ఆ ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసి గానీ పాస్‌పోర్టు చేతికి ఇవ్వకండి.

4. ఎవరికి చెప్పాలి?

పరిచయాలకు మరో లోపం ఉంది. అవి మనవారి మధ్యనే తిరుగుతాయి. బొంబాయి దాదరు ప్రాంతంలోని కుటుంబాలపై కైవాన్ మున్షీ, మార్క్ రోజెన్‌జ్వైగ్ అనే ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. కింది కులాల మగపిల్లలకు కులంవారి పరిచయాలు పాత కూలి పనులనే ఇప్పించాయి. అందుచేత వారు మరాఠీ బడుల్లోనే ఉండిపోయారు. అలాంటి పరిచయాలు అందని ఆడపిల్లలు వారికంటే త్వరగా ఇంగ్లీషు చదువులకు మళ్లారు. చేయిపట్టి నడిపించే పరిచయమే ఒక్కోసారి కాలికి కట్టు అవుతుంది. కనుక అబ్బాయికి వచ్చిన కబురును అమ్మాయికీ చెప్పండి. మన వీధి దాటి అవతలి వీధికీ చెప్పండి.

ద్రాక్షతోట కూలీల ఉపమానం మనకు తెలిసిందే. పొద్దు వాలే వేళకు కూడా కొందరు సంతవీధిలో నిలబడి ఉన్నారు. వారు సోమరులు కారు. పనికి పిలిచినవారు లేరు, అంతే. మన విచారణలోనూ అలాంటి ఇళ్లు ఉన్నాయి. తండ్రి లేని ఇల్లు, కొత్తగా వలస వచ్చిన ఇల్లు, మేస్త్రీలూ మేనేజర్లూ ఎరగని ఇల్లు. ఆదివారం పూజ తరువాత గుడి ఆవరణలో పది నిమిషాలు నిలబడి, తమకు తెలిసిన ఖాళీల గురించి నలుగురూ చెప్పుకొంటే ఖర్చేమీ కాదు. ముందుగా ఆ ఇళ్లకు చెప్పాలి.

కుటుంబంలో చర్చించుకోండి:

– మన ఇంట్లో ఉద్యోగం చేస్తున్నవారికి ఆ పని గురించి మొదట చెప్పినవారెవరు? ఆ సంగతి వారికి గుర్తుచేసి కృతజ్ఞత చెప్పామా?

– ఈ నెలలో మనకు తెలిసిన పని కబురును ఎవరికి చెప్పాము? ఎవరికి చెప్పకుండా దాచాము?

– ఎవరూ పిలవని ఇల్లు మన వీధిలో ఏది?