కళ్ళు లేని కణానికి దారి చూపేదెవరు?

మీ కాలికి ముల్లు గుచ్చుకుని లోపలే విరిగిందనుకోండి. కొంతసేపటికి అక్కడ ఎర్రబడి వాస్తుంది. ఒకటి రెండు రోజుల్లో చీము పట్టవచ్చు. ఆ చీములో ఎక్కువ భాగం సూక్ష్మజీవులతో పోరాడి చనిపోయిన తెల్లరక్తకణాలే. రక్తంతోపాటు ఒళ్ళంతా తిరిగే ఈ కణాలకు ముల్లు ఉన్న చోటు ఎలా తెలిసింది?

చీకటి గదిలో ఒక మూల అగరువత్తి వెలుగుతోందనుకోండి. వాసన పెరుగుతున్న వైపు నడిస్తే మీరు వత్తిని చేరుకుంటారు. శరీరంలోనూ ఇంతే. దెబ్బతిన్న చోటి కణాలు కీమోకైన్లు అనే చిన్న మాంసకృత్తులను వెలువరిస్తాయి. గాయం దగ్గర వాటి గాఢత ఎక్కువ, దూరమయ్యేకొద్దీ తక్కువ. తెల్లరక్తకణం పైపొరమీద వాటిని పట్టుకొనే గ్రాహకాలుంటాయి. ఏ వైపు గ్రాహకాలకు కీమోకైన్ ఎక్కువగా అందితే కణం ఆ వైపుకు పాకుతుంది.

దీనిని పరీక్షించాలంటే శుద్ధమైన కీమోకైన్ కావాలి. 1983లో అమెరికా శాస్త్రజ్ఞులు చిట్టెలుక కణాలలో ‘కే.సీ.’ అనే జన్యువును గుర్తించారు. అది తయారుచేయించే మాంసకృత్తి న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలను ఆకర్షిస్తుందని తరువాత తేలింది. మనిషిలో ఈ పని చేసే ముఖ్యమైన కీమోకైన్ ఇంటర్‌ల్యూకిన్-8. చిట్టెలుకకు ఆ జన్యువే లేదు! అందుకే చిట్టెలుకలపై పరిశోధనకు కే.సీ. వంటి వాటి సొంత మాంసకృత్తులు అవసరం.

ఎలుక శరీరంలో ఇది అత్యల్పంగా ఉంటుంది. మరి కావలసినంత ఎలా వస్తుంది? దాని జన్యుసమాచారం గల డి.ఎన్.ఏ. ముక్కను ప్లాస్మిడ్ అనే వలయాకారపు డి.ఎన్.ఏ.లో అతికించి, ఈ.కోలై బాక్టీరియాలో ప్రవేశపెడతారు. జన్యులిపి దాదాపు అన్ని జీవుల్లోనూ ఒక్కటే. కనుక బాక్టీరియా ఎలుక మాంసకృత్తిని తయారుచేస్తుంది. దీనినే పునస్సంయోజిత మాంసకృత్తి అంటారు. హిమోగ్లోబిన్‌లో 574 అమైనో ఆమ్లాలుంటే ఇందులో సుమారు 70 మాత్రమే. బాక్టీరియా పొరలోని ఎండోటాక్సిన్‌ను జాగ్రత్తగా తొలగించాలి. అది కూడా తెల్లరక్తకణాలను రెచ్చగొడుతుంది. అది మిగిలితే, కనబడిన ఫలితం దేనివల్ల వచ్చిందో చెప్పలేము.

ఇక ప్రయోగం. 1962లో బాయ్‌డెన్ రూపొందించిన పరికరంలో రెండు గదులు, మధ్య సన్నని రంధ్రాల పొర ఉంటాయి. పైగదిలో న్యూట్రోఫిల్స్, కింది గదిలో కీమోకైన్ ద్రావణం ఉంచుతారు. కణాలు రంధ్రాల గుండా ఒదిగి కిందికి పాకుతాయి.

ఇప్పుడు ఆలోచించండి: రెండు గదుల్లోనూ కీమోకైన్‌ను సమాన గాఢతలో పోస్తే ఏమవుతుంది? కణాలు కదలవచ్చు గాని, ప్రత్యేకించి ఒక దిక్కుకు పోవు. గదంతా ఒకే విధంగా వాసన నిండితే అగరువత్తి ఎక్కడుందో మీకూ తెలియదు కదా! కణానికి దారి చూపేది కీమోకైన్ ఉండటం ఒక్కటే కాదు, దాని గాఢతలోని తేడా.

న్యూట్రోఫిల్స్ సమయానికి రాకపోతే చిన్న గాయమే ప్రాణం మీదికి తేవచ్చు. అనవసరంగా గుమిగూడితే కీళ్ళు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఈ రాకను అవసరాన్నిబట్టి అదుపు చేసే మార్గం కోసమే ఇన్ని ప్రయోగాలు.