మానని పుండును అశ్రద్ధ చేయవద్దు

"మన నల్ల చర్మానికి చర్మ క్యాన్సర్ రాదట గదా సిస్టరమ్మా!" అని డ్రెస్సింగ్ గదిలో మమ్మల్ని తరచు అడుగుతుంటారు. మనలో తక్కువే గాని, రాకపోదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను కొంతవరకు అడ్డుకుంటుంది. పుట్టుకతోనే ఒళ్లు, జుట్టు తెల్లగా ఉన్న బిడ్డలకు ఆ రక్షణ లేదు. వారికి పొడుగు చేతుల చొక్కా, అంచున్న టోపీ, గొడుగు తప్పనిసరి. ఎస్.పి.ఎఫ్. 30 లేక అంతకు మించిన క్రీము రాసి, ఎండలో ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. పొలం పనివారు తలపాగా చుట్టుకుని, ఉదయం 10 నుండి సాయంత్రం 4 వరకు వీలైనంత నీడపట్టున ఉండాలి. కూలికి వెళ్లేవారికి ఇది చెప్పినంత తేలిక కాదని మాకూ తెలుసు.

అయితే మన దగ్గర ఎండ ఒక్కటే కారణం కాదు. ఏళ్ల తరబడి మానని పుండు, పాత కాలిన మచ్చ, కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదంలోని పుండు, లంగా బొందు బిగించి కట్టగా నడుము మీద ఏళ్లుగా ఒరుసుకున్న చోటు, ఇవి కూడా ఒక్కోసారి క్యాన్సర్‌గా మారతాయి. బొందు వెడల్పుగా కుట్టించుకుని, వదులుగా కట్టుకోండి. అరికాలిలో గాని గోరు కింద గాని నల్లమచ్చ కొత్తగా వచ్చి పెరుగుతుంటే చూపించండి.

పుండు నాలుగు వారాలకు మానకపోయినా, అంచులు గట్టిపడినా, ముట్టుకుంటే రక్తం కారినా పసర్లు కట్టి కాలం గడపకండి. ముక్క తీసి పరీక్షిస్తే జబ్బు పాకుతుందని భయపడి వెళ్లిపోయేవారున్నారు. అది నిజం కాదు. చిన్నగా ఉన్నప్పుడే కోసి తీసేస్తే చాలామందికి నయమవుతుంది. ఆలస్యమైతే కాలే తీసేయవలసి రావచ్చు. కాబట్టి డ్రెస్సింగ్‌కు వచ్చినప్పుడు ఆ పుండు ఎన్నాళ్లుగా ఉందో దాచకుండా చెప్పండి.