అనుకరణకు తగిన నమూనా

వంతెన కట్టక మునుపే దాని బలాన్ని, విమానం ఎగరక మునుపే దానిపై గాలి ప్రభావాన్ని కంప్యూటరులో గణించి చూడటమే అనుకరణ. ఈ గణనకు ఆధారమైన నమూనా సరైనది కాకపోతే ఫలితం ప్రమాదకరమవుతుంది.

1991 ఆగస్టు 23న నార్వేలోని స్టావాంగర్ సమీపంలో, స్లీప్‌నర్-ఎ అనే సహజవాయు వేదికకు ఆధారంగా నిర్మించిన కాంక్రీటు కట్టడం పరీక్ష జరుగుతుండగా మునిగిపోయింది. ప్రాణనష్టం జరగలేదు కాని కట్టడం సర్వనాశనమైంది. గోడలపై పడే షియర్ అనే కోత బలాన్ని గణనలో 47 శాతం తక్కువగా అంచనా వేయడం ఇందుకు ఒక ప్రధాన కారణం. కంప్యూటరు కూడికలో పొరపడలేదు; ఆ గోడలకు ఎంచుకున్న నమూనాలో తగినంత సూక్ష్మత లేదు.

నేడు కృత్రిమ మేధ కూడా ఈ రంగంలో ప్రవేశించింది. గంటలకొద్దీ సాగే అనుకరణల ఫలితాలను నేర్చుకొని, కొత్త ఆకృతికి క్షణాల్లో అంచనా చెబుతుంది. అయితే అన్ని పనులకూ ఒకే నమూనా తగదు.

పాత ఫలితాలు కొన్ని పదులే ఉన్నప్పుడు గాసియన్ ప్రాసెస్ పద్ధతి మేలు. అది అంచనాతో పాటు తన సందేహం ఎంతో కూడా తెలుపుతుంది. దక్షిణాఫ్రికా బంగారు గనుల కోసం డానీ క్రీగ్ 1951లో చేసిన కృషిలో ఈ పద్ధతికి మూలాలున్నాయి.

ఫలితాలు వేలల్లో ఉంటే న్యూరల్ నెట్‌వర్క్ ఉపకరిస్తుంది. కాని అది నేర్చిన పరిధి దాటితే నమ్మదగదు. ధ్వని కంటే తక్కువ వేగాల వద్ద గాలి ప్రవాహాన్ని మాత్రమే నేర్చినదానికి, ఆ వేగం దాటాక పుట్టే అఘాత తరంగాలు తెలియవు. అయినా అది తడుముకోకుండా ఒక సంఖ్యను చెబుతుంది.

దత్తాంశాలు కొద్దిగా ఉండి భౌతిక సమీకరణాలు తెలిసినప్పుడు, వాటిని శిక్షణలోనే చేర్చవచ్చు. రైసీ, పెర్డికారిస్, కార్నియడాకిస్‌లు 2019లో ప్రచురించిన పరిశోధన ఈ మార్గానికి ప్రాచుర్యం తెచ్చింది. ఇక భాషా నమూనాలు ప్రోగ్రాము రాయడంలో తోడ్పడతాయి. గోడ ఎంత బలాన్ని తట్టుకుంటుందో వాటి మాటపై నిర్ణయించరాదు.

దత్తాంశాలు ఎన్ని, తెలిసిన నియమాలేవి, పరిధి ఎంత అనే మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే నమూనాను ఎంచుకోవాలి. ఎంచుకున్న తరువాత కూడా కొన్ని ఫలితాలను పూర్తి గణనతోనో, ప్రయోగంతోనో సరిచూడాలి. నమూనా అంచనా మాత్రమే ఇస్తుంది, బాధ్యత ఇంజనీరుదే.

అర్థాలు
దత్తాంశాలు = సేకరించిన వివరాలు
పరిధి = హద్దు

ప్రశ్నలు
1. స్లీప్‌నర్-ఎ కట్టడం మునిగిపోవడానికి ఒక ప్రధాన కారణమేమిటి?
2. నమూనాను ఎంచుకునే ముందు ఏయే అంశాలను పరిశీలించాలి?